టెక్ సందేహాలు: బాతు పిల్లలకు పాట పెడితే సౌండ్ ఎంత ఉండాలి?

తిరుపతి కొర్లగుంట నుంచి: పది రోజుల బాతు పిల్లలు నాలుగున్నాయి. బ్లూటూత్ స్పీకర్‌ను వాటి అట్టపెట్టె అంచున పెట్టి నాదస్వరం వేస్తే మూలకు చేరి కదలకుండా నిలబడిపోతున్నాయి. ఫ్లూట్ వేస్తే మామూలుగా తిరుగుతున్నాయి. నాదస్వరాన్ని శ్రద్ధగా వింటున్నట్టేనా? సౌండ్ ఎంత ఉందో చూపే యాప్ ఏదైనా ఉందా?

వినడం కాదండీ, అది బెదురు. హాయిగా ఉన్న పిల్ల సన్నగా, గబగబా కిచకిచలాడుతుంది, నూగు సర్దుకుంటుంది, తింటుంది. బెదిరితే మెడ నిక్కించి బిగుసుకుపోతుంది. లేదంటే ఒక్కో కేకా విడివిడిగా, గట్టిగా పెడుతుంది.

ముందు స్పీకర్‌ను పెట్టె మీంచి దించేయండి. అక్కడుంటే అట్ట అంతా అదురుతుంది. పక్షుల కాళ్లలో అదురును పసిగట్టే నరాల కొసలుంటాయి కాబట్టి ఆ మోత వాటికి కింద నుంచి కూడా తెలుస్తుంది. రెండు మీటర్ల దూరంలో వేరే స్టూలు మీద పెట్టి, ఫోన్ ఈక్వలైజర్‌లో (సన్న, లావు స్వరాలను విడిగా పెంచి తగ్గించే సెట్టింగ్) 200 హెర్ట్జ్ లోపు బేస్ తగ్గించండి. బాతు చెవి 2–3 కిలోహెర్ట్జ్ దగ్గర బాగా చురుకు. వీధంతా వినపడే నాదస్వరానికి ఆ 2–3 కిలోహెర్ట్జ్ దగ్గరే బలం చాలా ఎక్కువ. ఫ్లూట్‌కు బెదరకపోవడానికి ఇదే ముఖ్య కారణమై ఉంటుంది.

ప్లే స్టోర్‌లో సౌండ్ మీటర్ యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి. ఫోన్ మైకు కొలత అంత కచ్చితం కాదు, కానీ ఒకే ఫోన్‌తో పోల్చుకోవడానికి చాలు. మీరు నిలబడ్డ చోట కాదు, పెట్టె లోపల పిల్లల తల ఎత్తులో కొలవండి. 60 డెసిబెల్స్, అంటే మామూలు మాటల స్థాయి, దాటనివ్వకండి.

పాట ప్రభావం నిజంగా తెలియాలంటే ఐదు నిమిషాలు నిశ్శబ్దం, ఐదు నిమిషాలు పాట, మళ్లీ ఐదు నిమిషాలు నిశ్శబ్దం రికార్డు చేసి, గట్టి కేకలు మాత్రం లెక్కపెట్టండి. మేత వేళకు దూరంగా చేయండి. అంతకంటే ముందు వెచ్చదనానికి పెట్టిన బల్బు కింద వేడి చూడండి. మొదటి వారం 32 డిగ్రీలు, తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. చలేస్తే ఏ పాట వేసినా అరుస్తాయి. మన ఎండాకాలం మధ్యాహ్నాల్లో బల్బే అక్కర్లేదు.

తల్లి బాతు పిలుపు రికార్డింగ్ వేసేవాళ్లు ఒకటి గమనించాలి. అమెరికా శాస్త్రవేత్త గిల్బర్ట్ గాట్లీబ్ ప్రయోగాల్లో మల్లార్డ్ (ఒక అడవి బాతు జాతి) పిల్లలు ఆ పిలుపును ముఖ్యంగా లయను బట్టి, అంటే సెకనుకు దాదాపు నాలుగు స్వరాలను బట్టి, గుర్తుపట్టాయి. పిలుపు విన్నవైపు నడిచేస్తాయి. స్పీకర్ బల్బుకు దూరంగా ఉంటే వెచ్చదనం వదిలేసి అటే పోతాయి. ఒక్క నిమిషం చాలు, గంటల తరబడి వేయకండి.

చిత్తూరు నుంచి: బాతు పిల్లల అరుపులు రికార్డు చేస్తే మధ్యమధ్యలో తెగిపోతున్నాయి. మైకు పోయిందా?

మైకు బాగానే ఉండి ఉంటుంది. మనిషి మాట కోసం చేసిన నాయిస్ సప్రెషన్ ఈ కిచకిచలను రొద అనుకుని నొక్కేస్తుంది. రికార్డర్‌లో స్పీచ్, ఇంటర్వ్యూ మోడ్‌లు వదిలి స్టాండర్డ్ పెట్టండి, ఫైల్ రకం వేవ్, శాంప్లింగ్ (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందన్న లెక్క) 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్. ఇయర్‌బడ్స్ మైకు వద్దు. పాత బ్లూటూత్ కాల్ పద్ధతిలో అది 8 కిలోహెర్ట్జ్ శాంప్లింగే, అంటే 4 కిలోహెర్ట్జ్ పైనున్నదంతా పోతుంది. ఫైల్‌ను కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ప్రోగ్రామ్‌లో తెరిచి స్పెక్ట్రోగ్రామ్ వ్యూ (శబ్దాన్ని బొమ్మగా చూపేది) పెడితే గట్టి కేకలు విడివిడి గీతల్లా కనిపిస్తాయి, లెక్క సులువు. తరంగాల ఎత్తు చూసి ఏ కేక ఎంత గట్టిదో మాత్రం పోల్చకండి, రికార్డయ్యే సౌండ్‌ను ఫోన్ తనంతట తానే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది.

తిరుచానూరు నుంచి: పాట సన్నగానే పెడుతున్నాం, అయినా రాత్రి ఉన్నట్టుండి పిల్లలు ఉలిక్కిపడి అరుస్తున్నాయి.

పాట కంటే స్పీకర్ సొంత శబ్దాల మీద అనుమానం పెట్టుకోండి. ఆన్ చేసినప్పటి మోత, బ్యాటరీ అయిపోతోందన్న హెచ్చరిక చాలా స్పీకర్లలో వాల్యూమ్ ఎంత తగ్గించినా గట్టిగానే వస్తాయి. వేరే గదిలో ఆన్ చేసి, ఫోన్‌తో కలిపాకే తీసుకురండి. ఛార్జి నిండుగా ఉంచండి. ఫోన్‌లో డూ నాట్ డిస్టర్బ్ పెట్టండి. ప్రకటనలు వచ్చే యాప్ కాకుండా డౌన్‌లోడ్ చేసుకున్న ఫైల్‌నే వేయండి. అరగంట స్లీప్ టైమర్ పెట్టినా, పాట ఆగిన కాసేపటికి స్పీకర్ దానంతటది ఆఫ్ అవుతూ మరో మోత చేయొచ్చు. అందుకని పాట అయ్యాక స్పీకర్‌ను గది బయటికి తెచ్చేయడమే మేలు.