ఎస్టెస్ పార్క్ ప్రయాణం పెట్టుకున్న మా మేనకోడలికి

చిట్టీ,

మే మొదటి వారంలో డల్లాస్ నుంచి కారులో కొలరాడోలోని రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌కి బయల్దేరుతున్నారని, సగం దూరం నువ్వే నడుపుతావని మీ అమ్మ ఫోన్‌లో ఎంత సంబరంగా చెప్పిందో. నాకూ గర్వంగానే అనిపించింది. స్కూటీ మీద బెంజ్ సర్కిల్ దాటాలంటే వణికిన పిల్లవి, ఇప్పుడు అమ్మానాన్నల్ని వెనక కూర్చోబెట్టుకుని ఎనిమిది వందల మైళ్ళు వస్తున్నావు. ఆ తర్వాత నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాన్ చదివాను, ఇక నిద్ర పట్టలేదు. శుక్రవారం రాత్రి బయల్దేరి, ఎక్కడా పడుకోకుండా వచ్చి, శనివారం మధ్యాహ్నానికల్లా ఆ కొండ మీది బేర్ లేక్ చెరువు దగ్గర ఫొటోలా? ఎవరిచ్చారమ్మా ఈ సలహా?

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మీదుగా గ్రాండ్ లేక్ వైపు దిగుతామని రాశావు. ఆ రోడ్డు 12,183 అడుగుల దాకా ఎక్కుతుంది, మంచు తీసి తెరిచేసరికి మామూలుగా మే నెలాఖరు అవుతుంది, కాబట్టి ఆ లైను కొట్టెయ్. బేర్ లేక్ రోడ్డు ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది కానీ పైన నడిచే బాట ఇంకా గట్టిపడ్డ మంచే, బూట్లకి తగిలించుకునే మైక్రోస్పైక్స్ ఎస్టెస్ పార్క్ ఊళ్ళోనే అద్దెకి దొరుకుతాయి. చెరువు మీద మంచుగడ్డ గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది, ఎండలు మొదలయ్యాక దాన్ని నమ్మడానికి లేదు, బాబు చెయ్యి వదలకు. ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) కనబడితే 75 అడుగుల దూరంలోనే ఆగాలి. టైమ్డ్ ఎంట్రీ, అంటే ముందే టైమ్ బుక్ చేసుకుని లోపలికి వెళ్ళే పద్ధతి, మే నెలాఖరు నుంచి పెడుతున్నారు, మీకు ఆ బాధ లేదు. కానీ 2026 జనవరి నుంచి ఈ పార్కులో విదేశీయులకి తలకి 100 డాలర్లు అదనం అన్నారు, అమ్మానాన్న విజిటర్ వీసా మీద ఉన్నారు కదా, పార్క్ సైట్ చూసి ఆ ఖర్చు లెక్కలో వేసుకో.

నా భయమంతా ఎత్తు గురించే. మన తిరుమల సుమారు మూడు వేల అడుగులు. డెన్వర్ 5,280. ఎస్టెస్ పార్క్ 7,522. బేర్ లేక్ దాదాపు 9,450, అంటే అక్కడ పీల్చే ఒక్కో ఊపిరిలో మనకి అందే ప్రాణవాయువు సముద్రమట్టం దగ్గర అందేదాంట్లో దాదాపు 70 శాతమే. రోజూ వాకింగ్ చేస్తారు కదా అంటావేమో, వాకింగ్‌కీ దీనికీ సంబంధం లేదు. ఒంటికి అలవాటుపడే టైమ్ ఇచ్చామా లేదా, అంతే.

మీ తాతయ్య సంగతి నీకు సగమే తెలుసు. కొండ మీద చలికి జ్వరం వచ్చిందని ఇంట్లో చెప్పుకున్నాం. అది జ్వరం కాదు, ఎత్తు పడక వచ్చిన జబ్బు. అప్పుడు మేం హ్యూస్టన్‌లో ఉండేవాళ్ళం, నీలాగే దారిలో పడుకోకుండా వచ్చేశాం. ఆ రోజు శనివారం, ఆయనది ఒంటిపూట భోజనం. నీళ్ళు తాగితే మాటిమాటికీ కారు ఆపించాల్సి వస్తుందని దారి పొడవునా గుక్కెడు కూడా సరిగ్గా తాగలేదు. ఎస్టెస్ పార్క్ దాటేసరికి కారంతా అమృతాంజనం వాసన. మంకీ క్యాప్ కింద నుదుటికి పట్టించేశారు. ఏమైంది నాన్నా అంటే జలుబు అన్నారు. బేర్ లేక్ దగ్గర, మీరు వెళ్ళి రండి, చలి నాకు పడదు, నేనిక్కడే కూర్చుంటా అన్నారు. మేం తిరిగొచ్చేసరికి కారు పక్కన నిలబడి బూటుతో మంచు కప్పుతున్నారు. వాంతి చేసుకుని, పిల్లలు చూడకూడదని దాన్ని మూసేస్తున్నారు చిట్టీ. కార్లో కూర్చున్నాక సీట్ బెల్ట్ క్లిప్ ఎక్కడుందో చేతికి దొరకలేదు ఆయనకి. మీ అత్తయ్య వెళ్ళి రేంజర్‌ని పిలుచుకొచ్చింది, అతను ఒక్కటే మాట, కిందికి దించండి, ఇప్పుడే.

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టి, తలనొప్పి ఎప్పుడు మొదలైందని డాక్టర్ అడిగితే, పొద్దున్నుంచే అని తెలుగులో నాకు చెప్పి తల తిప్పుకున్నారు. ఆ రాత్రి లవ్‌లాండ్‌లో, అయిదు వేల అడుగులకి దిగాక, రెండు ముద్దలు పెరుగన్నం తిని, పిల్లలు చెరువు చూశారు కదా అన్నారు. ఆ మాటకి నాకు ఆయన మీద ఇప్పటికీ కోపమే. ప్రాణం మీదికి తెచ్చుకుని చూపించాల్సిన చెరువా అది?

మీ అమ్మ అచ్చం ఆయన కూతురు. నీ పెళ్ళిలో జ్వరంతో అప్పగింతల దాకా నిలబడింది, నీకు చెప్పొద్దని మా అందరి దగ్గరా ఒట్టు వేయించుకుంది. అందుకని, ఎలా ఉంది అమ్మా అని అడక్కు, బాగానే ఉన్నానంటుంది. అన్నం ముందు పెట్టు. తినబుద్ధి కావట్లేదని గిన్నె పక్కన పెడితే, తల పట్టుకుంటే, ఇక పైకి ఒక్క మలుపు కూడా ఎక్కొద్దు. తగ్గకపోతే కిందికి దిగిపోవడమే. అడుగు తూలినా, కూర్చున్న చోటే ఆయాసం వచ్చినా మరి ఆలోచించకు, 911 చెయ్యి, దిగడం మొదలుపెట్టు. నీళ్ళకి ఆవిడ మొహమాటపడుతుంది. రెండు గంటలకోసారి, నాకే వెళ్ళాలి అని నువ్వు కారాపు. మీ నాన్న బీపీ మాత్రల సంగతి, ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర ఇవ్వచ్చా లేదా అన్నది డాక్టర్‌ని ఈ వారమే అడుగు, సల్ఫా మందులు పడకపోతే ఆ మాట కూడా చెప్పు.

మొదటి రాత్రి అమరిల్లోలో పడుకోండి. తర్వాత రెండు రాత్రులు డెన్వర్‌లో మా ఇంట్లోనే. ఆ పైన ఎస్టెస్ పార్క్ వెళ్ళి, మొదటి రోజు స్ప్రేగ్ లేక్ చుట్టూ తిరగండి, బాట చదునుగా ఉంటుంది, అమ్మకి మోకాళ్ళ నొప్పి ఉన్నా నడుస్తుంది, కూర్చోడానికి బెంచీలున్నాయి. ఆ రాత్రి అందరికీ హాయిగా నిద్రపడితే మర్నాడు పొద్దున్నే బేర్ లేక్. పడలేదా, హార్స్‌షూ పార్క్ వైపు పోయి అడవి కొండగొర్రెలు కిందికి దిగుతాయేమో చూసుకుని వచ్చెయ్యండి.

గట్టిగా మాట్లాడానని అనుకోకు తల్లీ. మీ అమ్మ నాకు ఒక్కతే చెల్లెలు. హోటల్ బుకింగ్ మార్చి కొత్త తేదీలు పంపు. కొలరాడోలోకి వచ్చే దారిలో రేటన్ పాస్ కనుమ దాటాక ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా మెలకువగానే ఉంటాను.

మామయ్య