కొండరాయి పొడిగా ఎందుకు రాలుతోంది?

ప్రశ్న: మాది విజయవాడ మొగల్రాజపురం. కొండను ఆనుకునే మా ఇల్లు. పెరటివైపు రాయిని గోటితో గీకితే పొడి రాలుతోంది, వాన పడితే ఎర్రనీరు కారుతోంది. వాహనాల పొగ వల్లే అంటాడు మా అబ్బాయి. ఎండలు ముదరడం వల్ల అంటారు మావారు. ఎవరి మాట నిజం?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇద్దరి మాటలోనూ కొంత నిజముందమ్మా. కానీ మీ కొండ దగ్గర అసలు పని నీటిది.

బెజవాడ కొండల్లో విరివిగా కనిపించేది ఖొండలైట్ అనే రాయి. కోణార్క ఆలయాన్ని కట్టిందీ ఈ జాతి రాయితోనే. ఒక పెచ్చు తీసి ఎండలో పట్టి చూడండి. ముదురు ఎరుపు గింజలు కనిపిస్తే అవి గార్నెట్లు. వాటిలో ఇనుముంటుంది. నీరూ గాలీ తగిలి అది తుప్పు పడుతుంది, అందుకే గింజ చుట్టూ గోధుమరంగు వలయం కనిపిస్తుంది. మీ గోడ వెంట కారే ఎరుపు అదే. ఇక వేలికి తెల్లగా అంటుకునే పొడి ఒకప్పుడు ఫెల్‌స్పార్ అనే గట్టి ఖనిజం. వాననీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్) కలుపుకొని కాస్త పులుపెక్కుతుంది. ఆ నీరు పగుళ్లలో నిలిచి, ఫెల్‌స్పార్‌ను తెల్లబంకమట్టిగా మార్చేస్తుంది. ఇది వేల ఏళ్లుగా జరుగుతున్న పని, పొగ నిన్నమొన్నటిది.

పొగ చేసే చేటు సున్నపురాయి మీద బాగా తెలుస్తుంది. మామూలు వాననీటి పీహెచ్ సుమారు 5.6 (పీహెచ్ అంటే పులుపు కొలత, 7 కన్నా తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). బొగ్గు, డీజిలు పొగలోని గంధకం, నత్రజని వాయువులు కలిస్తే ఆమ్లం ఇంకా పెరుగుతుంది. నాపరాయీ సున్నపురాయే, ఆ గచ్చు మీద నిమ్మరసం పడితే నునుపు పోయి మచ్చ పడటం మీరు చూసే ఉంటారు. అమరావతి స్తూప శిల్పాలు చెక్కిందీ పలనాటి సున్నపురాయి మీదనే. గంధకం సోకితే ఆ రాయి పైపొర జిప్సం అనే మెత్తటి ఖనిజంగా మారుతుంది. వాన కడగని మూలల్లో అది మసిని పట్టుకుని నల్లగా గట్టిపడి, చివరికి చెక్కడంతో సహా పెచ్చుగా ఊడుతుంది. అలాంటి ఫలకాలు ఎక్కడ ఆరుబయట కనిపించినా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. గుంటూరులో భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పినన్నాళ్లూ పిల్లలకు ఈ మాట చెబుతూనే వచ్చాను.

మీవారు అన్నట్టు వేడీ కారణమే. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి రసాయన మార్పుల వేగం సుమారు రెట్టింపవుతుంది. అయితే తడి లేనిదే ఆ వేడి పెద్దగా ఏమీ చేయలేదు. మన దగ్గర రెండూ ఉన్నాయి. పైగా వాతావరణం వేడెక్కేకొద్దీ కుండపోత వానలు పెరుగుతాయి. నాకు భయం వేసేది అక్కడే. 2024 ఆగస్టు 31న మీ మొగల్రాజపురంలోనే కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయాయి. రాయి మెత్తబడటానికి యుగాలు పట్టినా, పగుళ్లు నీటితో నిండి బంకమట్టి జారితే బండ దొర్లడానికి క్షణం చాలు. ఇంటి కోసం కొండ పాదం తొలిచిన చోట ముప్పు మరీ ఎక్కువ.

రాలుతోంది కదా అని రాతి మీద సిమెంటు మెత్తించకండి. లోపలి నీటికి దారి మూసుకుపోయి ఒత్తిడి పెరుగుతుంది. గోడ కట్టినా నీరు పోయే గొట్టాలు ఉండాలి. పైనుంచి వచ్చే నీటిని కాలువతో పక్కకు మళ్లించాలి. అనుభవమున్న ఇంజనీరును తీసుకొచ్చి గోడతో పాటు కొండ పైభాగాన్నీ చూపించండి. పగులు వెడల్పవుతున్నా, ఊటనీరు ఉన్నట్టుండి బురదగా మారినా ఇక ఆలోచించవద్దు. వాన వెలిసి, ఇంజనీరు చూసి సరేననేదాకా పిల్లలతో బంధువుల ఇంట్లో ఉండండి.