టెక్సాస్‌కు మారడం ఇప్పుడా, ఐ-140 చేతికొచ్చాకా?

ప్రశ్న: నా వయసు 27. హైదరాబాద్‌లో ఎం.కాం. చదివాను. పెళ్లయిన దగ్గర నుంచి, అంటే రెండున్నరేళ్లుగా, హెచ్-4 (ఉద్యోగి భార్యకు ఇచ్చే) వీసాపై కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాము. మావారు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. హెచ్-1బి ఉద్యోగ వీసాలో నాలుగో ఏడాది నడుస్తోంది, గ్రీన్ కార్డుకు తొలి మెట్టయిన పెర్మ్ దాఖలై ఏడు నెలలైంది. జీతం ఏడాదికి 1,65,000 డాలర్లు, ఒక పడకగది ఇంటికి అద్దె నెలకు 3,200. ఒక్క కారుతో, బార్ట్ రైలుతో నెట్టుకొస్తున్నాము. కంపెనీకి డాలస్ దగ్గర ప్లేనోలో ఆఫీసు ఉంది. అక్కడికి మారితే 1,45,000 ఇస్తామంటున్నారు. అక్కడ ఇలాంటి ఇంటికి 1,700 చాలునని స్నేహితులు చెబుతున్నారు. రెండేళ్లలో ఇల్లు కూడా కొనవచ్చని మావారి ఆశ. నేను ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో అకౌంటింగ్ కోర్సులు చదువుతూ ఎం.ఎస్.కు సిద్ధమవుతున్నాను, ఆ తరువాత సీపీఏ (మన సీఏ వంటిది) చేయాలని ఉంది. ఈ వేసవిలోనే వెళ్దామని ఆయన పట్టు, నా చదువు ఏమవుతుందోనని నా బెంగ. ఏం చేయమంటారు?

జవాబు: టెక్సాస్‌కు మారాలన్న ఆలోచనలో తప్పేమీ లేదు. నా అభ్యంతరమంతా ‘ఈ వేసవి’ అన్న మాటతోనే. మీ ఇంట్లో అద్దె కంటే ముందుగా తేలవలసినవి రెండున్నాయి: ఒకటి మీవారి ఐ-140, అంటే పెర్మ్ తరువాత గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్, రెండోది మీ చదువు. ఇవి ఒక కొలిక్కి రాకముందే సామాను కట్టుకుంటే, మిగిలే డబ్బు కంటే పోయే కాలం ఖరీదైనదవుతుందని నా అభిప్రాయం.

అయినా ముందు డబ్బు లెక్కే చూద్దాం, ఎందుకంటే మీ ఇద్దరి మధ్య వాదన దాని మీదే నడుస్తున్నట్టుంది. టెక్సాస్‌లో జీతంపై రాష్ట్ర ఆదాయపు పన్ను లేదన్నది నిజమే. కాలిఫోర్నియాలో ఉమ్మడి రిటర్ను వేసే దంపతులకు 1,65,000 డాలర్ల జీతంపై, 401(కె) వంటి రిటైర్మెంట్ పొదుపులేవీ లేవనుకుంటే, రాష్ట్ర పన్ను, వైకల్య బీమా కోత కలిసి సుమారు 9,000 డాలర్లవుతాయి. ప్లేనోలో అవి ఉండవు. అయితే జీతమే 20,000 తగ్గుతోంది. ఆ 20,000 మీద ఎలాగూ పోయే ఫెడరల్ పన్నును, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలను పక్కన పెట్టినా, చేతికి రాకుండా పోయేది 14,000. అందులో నుంచి ఆదా అయిన 9,000 తీసేస్తే, మీ ఇంటికి ఏడాదికి ఇప్పటికంటే 5,000 డాలర్లు తక్కువే వస్తాయి. పన్ను లేని రాష్ట్రమన్న మాట వినడానికి ఎంత బాగున్నా, మీ విషయంలో ఆ లాభాన్నంతా మీకంటే ముందు కంపెనీ తీసేసుకుంటోంది.

కాబట్టి మిగులు ఏదైనా ఉంటే అది అద్దెలోనే ఉంది. నెలకు 1,500 చొప్పున ఏడాదికి 18,000, అందులో పైన చెప్పిన 5,000 పోతే 13,000. ప్లేనోలో ఆయన ఆఫీసుకు, మీరు కాలేజీకి వెళ్లాలంటే రెండో కారు తప్పనిసరి. దాని వాయిదాలు, బీమా, పెట్రోలు కలిపి ఏడాదికి ఏడెనిమిది వేలకు తగ్గవు. చివరికి నికరంగా నిలిచేది ఐదారు వేల డాలర్లు. తరలింపు ఖర్చుల్లో మొదటి ఏడాది అది కూడా కరిగిపోవచ్చు, ఎందుకంటే ఉద్యోగం కోసం ఇల్లు మారే ఖర్చుకు ఫెడరల్ పన్నులో ఉన్న మినహాయింపు సైనికుల వంటి కొందరికి తప్ప మిగతా వారికి 2018 నుంచి లేదు. కంపెనీ ఇచ్చే తరలింపు భత్యాన్ని కూడా జీతంలో కలిపే పన్ను వేస్తారు. ఐదారు వేలు చిన్న మొత్తమని నేననడం లేదు. ఏం పణంగా పెట్టి దాన్ని సంపాదిస్తున్నారన్నదే ప్రశ్న.

పణంగా పెడుతున్నది పెర్మ్‌ను. ఫలానా ప్రాంతంలో, ఫలానా ఉద్యోగానికి, ఫలానా జీతానికి తగిన స్థానిక అభ్యర్థి దొరకలేదని అమెరికా కార్మిక శాఖ ఇచ్చే ధ్రువీకరణే పెర్మ్. అందులో ప్రాంతం అన్నది కేవలం చిరునామా కాదు, దరఖాస్తుకు పునాది అదే. బే ఏరియాలోని ఉద్యోగానికి వేసిన దరఖాస్తు ప్లేనోలోని ఉద్యోగానికి పనికిరాదు. కంపెనీ అదే అయినా, చేసే పని అదే అయినా, జీతం నిర్ధారణ నుంచి ప్రకటనల దాకా అన్నీ మళ్లీ మొదలుపెట్టాలి. ఏడు నెలలుగా వరుసలో ఉన్న దరఖాస్తును వదిలేస్తే పోయేది ఆ ఏడు నెలలే కాదు. పెర్మ్ దాఖలైన తేదీయే మీవారి ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్ కార్డు వరుసలో ఆయన స్థానాన్ని తేల్చే తేదీ, అవుతుంది, కానీ ఐ-140 ఆమోదం పొందేదాకా ఆ తేదీ మీద ఆయనకు హక్కు ఉండదు. భారతీయులకు ఉద్యోగ కోటాలోని ప్రధాన తరగతుల్లో నిరీక్షణ దశాబ్దం దాటిపోయిన ఈ రోజుల్లో, వరుసలో ఒకటి రెండేళ్లు వెనక్కి జరగడం ఎవరికీ సమ్మతం కాకూడదు.

గ్రీన్ కార్డు భవిష్యత్తులో చేయబోయే ఉద్యోగానికే కనుక ప్రస్తుతం వేరేచోట పనిచేసినా ఫరవాలేదని కొందరు సలహా ఇస్తుంటారు. చట్టం మాటల్లో అది సరైనదే. అయితే తరువాత నిజంగా కాలిఫోర్నియాకు తిరిగి వచ్చి ఆ ఉద్యోగం చేసే ఉద్దేశం ఇద్దరికీ, అంటే కంపెనీకీ ఆయనకూ, ఉండాలి. ప్లేనోలో ఇల్లు కొనాలనుకుంటున్న వారికి ఆ దారి సూచించలేను.

దీనికి తోడు హెచ్-1బికి ఆరేళ్ల గడువుంది. దాన్ని దాటి పొడిగింపు కావాలంటే, కోరే పొడిగింపు మొదలయ్యే నాటికి పెర్మ్ దాఖలై కనీసం 365 రోజులు గడిచి ఉండాలి, లేదా ఐ-140 ఆమోదం పొంది ఉండాలి. ఆమోదం ఉంటే మూడేళ్ల చొప్పున పొడిగిస్తారు. నాలుగో ఏడాదిలో ఉన్న వ్యక్తి ప్లేనో వెళ్లి, అక్కడి మేనేజరు ఒక ఏడాది పని చూశాక పెర్మ్ మొదలుపెడదామంటే, జీతం నిర్ధారణకు, ప్రకటనలకు పట్టే నెలలు కూడా కలిపి చూడండి, గడువు మెడ మీదికి వచ్చేస్తుంది. అదే ఫ్రీమాంట్‌లోనే ఉండి, పెర్మ్ వచ్చాక, త్వరగా తేల్చేందుకు ప్రీమియం రుసుము కట్టి ఐ-140 వేయించి, ఆమోదం వచ్చిన తరువాత 180 రోజులు గడిపితే పరిస్థితి పూర్తిగా మారుతుంది. ఆ తరువాత కంపెనీ దాన్ని ఉపసంహరించుకున్నా ప్రయారిటీ డేట్ నిలుస్తుంది, పొడిగింపులకు ఆధారం ఉంటుంది. టెక్సాస్‌లో కొత్త పెర్మ్ మొదలుపెట్టినా పాత తేదీయే వెంట వస్తుంది.

మీకు సంబంధించిన లాభం కూడా ఇక్కడే ఉంది. భర్తకు ఐ-140 ఆమోదం ఉంటే హెచ్-4లో ఉన్న భార్యకు పని అనుమతి కోరే అవకాశం 2015 నుంచి ఉంది. ఇప్పుడు మీరు చదవగలరు కానీ సంపాదించలేరు. ఐ-140 వస్తే రెండూ చేయగలరు. మీ ఇంటి ఆర్థిక స్థితిని అద్దె తగ్గడం కంటే రెండో జీతమే ఎక్కువగా మారుస్తుంది. దాన్ని ముందుకు తెచ్చే నిర్ణయాన్ని, వెనక్కి నెట్టే నిర్ణయాన్ని ఒకే తూకంలో వేయకూడదు.

ఇక మీ చదువు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో స్థానిక విద్యార్థికి ఫీజు యూనిట్‌కు 46 డాలర్లు. రెండున్నరేళ్లుగా ఇక్కడే ఉన్నారు కనుక, 366 రోజుల నివాస నియమం ప్రకారం మీకు ఆ ఫీజే వర్తించాలి. హెచ్-4 వీసా దానికి అడ్డు కాదు. మీరు వేరే తరగతిలో కడుతూ ఉంటే వెంటనే అడ్మిషన్ల కార్యాలయాన్ని అడగండి, ఈ పొరపాటు తరచూ జరుగుతూనే ఉంటుంది. టెక్సాస్ కూడా హెచ్-4 వారికి స్థానిక ఫీజు ఇస్తుంది, అయితే ఆ సెమిస్టరుకు ముందు 12 నెలలు అక్కడ డొమిసైల్ (స్థిర నివాసం) ఉండాలి. కేవలం అద్దె ఒప్పందం చూపిస్తే సరిపోదు. మీవారు అక్కడ ఉద్యోగం చేస్తూ డొమిసైల్ ఏర్పరచుకున్నారని, మీరు ఆయన భార్యగా అక్కడే స్థిరపడ్డారని కాగితాలు చూపాలి. ప్రధానంగా చదువు కోసమే రాష్ట్రానికి వచ్చారనిపిస్తే ఒప్పుకోరు. అంటే ఈ వేసవిలో వెళ్తే మీకు ఒక ఏడాది త్రిశంకు స్వర్గమే: కాలిఫోర్నియా ఫీజు పోతుంది, టెక్సాస్ ఫీజు రాదు, ఇక్కడ సగంలో ఉన్న కోర్సులను అక్కడ బయటి రాష్ట్రం వారి ఫీజుతో పూర్తిచేయాలి. ఆ తేడా మీరు లెక్కించుకున్న మిగులును మింగేయగలదు.

అందుకే ఎం.ఎస్.కు ముందు కావలసిన కోర్సులన్నీ ఫ్రీమాంట్‌లో ఉండగానే ముగించండి. ఆ తరువాత మారితే, అక్కడ మొదటి 12 నెలలను పని అనుమతితో ఏదైనా అకౌంటింగ్ కొలువులో గడిపి, మరుసటి ఆగస్టుకు స్థానిక విద్యార్థిగా డాలస్ ప్రాంతంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చేరవచ్చు. ఆ ఏడాది వృథా అయినట్టు భావించకండి. అమెరికాలో పని అనుభవం లేకుండా ఎం.ఎస్. చదివిన వారికంటే మీకు ఇంటర్వ్యూలలో చెప్పుకోవడానికి ఎక్కువే ఉంటుంది. సీపీఏ పరీక్ష దేశమంతటా ఒక్కటే కానీ, లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర బోర్డు. మీ ఎం.కాం. క్రెడిట్లను తాము అంగీకరించిన సంస్థ మూల్యాంకనం చేస్తేనే ఆ బోర్డులు తీసుకుంటాయి. కనుక చివరికి స్థిరపడేది టెక్సాస్‌లోనే అనుకుంటే, మూల్యాంకనానికి డబ్బు కట్టేముందు టెక్సాస్ బోర్డు నియమాలు చూసి, ఏ కోర్సులు తక్కువ పడుతున్నాయో ఇప్పుడే తెలుసుకుని, వాటిని 46 డాలర్ల యూనిట్లలోనే పూర్తిచేయడం తెలివైన పని.

ఇల్లు కొనే విషయంలో తొందర వద్దు. ఆదాయపు పన్ను వదులుకున్న టెక్సాస్ ఇంటి పన్ను దగ్గర గట్టిగానే వసూలు చేస్తుంది. సొంతంగా నివసించే ఇంటికి, ఆ పన్నులో బడులకు వెళ్లే వాటా మీద ఇచ్చే మినహాయింపు తీసేసినా, 4,50,000 డాలర్ల ఇంటికి ఏడాదికి ఆరేడు వేలు కట్టవలసి రావచ్చు, అంటే కాలిఫోర్నియా ప్రభుత్వానికి ఇప్పుడు కడుతున్నదానిలో చాలా భాగం. ఉత్తర టెక్సాస్‌లో వడగళ్ల వానల వల్ల ఇంటి బీమా కూడా తక్కువేమీ కాదు. పైగా ఉద్యోగం పోతే హెచ్-1బి వారికి మరో ఉద్యోగం చూసుకోవడానికి ఉండేది 60 రోజుల వరకే. ఒక్క జీతం మీద, ఐ-140 లేకుండా, గృహరుణం నెత్తిన పెట్టుకోవడాన్ని నేను సమర్థించలేను.

మీవారు గమనించవలసిన ఒకటి రెండు విషయాలు కూడా చెప్పాలి. కాలిఫోర్నియాలో, ఉద్యోగం మానేశాక పోటీ సంస్థలో చేరకూడదనే షరతు చెల్లదు. టెక్సాస్‌లో అది సహేతుకమైన పరిమితుల్లో ఉంటే చెల్లుతుంది. కనుక బదిలీతో పాటు కొత్త ఒప్పందం మీద సంతకం అడిగితే పూర్తిగా చదవకుండా చేయవద్దు. ఇక్కడ పనిచేస్తున్నప్పుడు కేటాయించిన కంపెనీ షేర్లు అక్కడికి వెళ్లాక చేతికొచ్చినా, ఇక్కడ పనిచేసిన రోజుల నిష్పత్తిలో కాలిఫోర్నియా పన్ను కోరుతుంది. పిల్లల ఆలోచన ఉంటే, బిడ్డ పుట్టినప్పుడు తండ్రికి కూడా ఎనిమిది వారాల దాకా జీతంలో అధిక భాగం చెల్లించే పథకం కాలిఫోర్నియాలో ఉంది, టెక్సాస్‌లో అలాంటిది లేదు, కంపెనీ ఇచ్చేదే దిక్కు.

ఎప్పుడు మారినా, ప్లేనోలో పని మొదలుపెట్టక ముందే కంపెనీ హెచ్-1బి సవరణ దరఖాస్తు వేయాలి. ఇల్లు మారిన 10 రోజుల్లోగా మీ ఇద్దరి కొత్త చిరునామాను ఇమిగ్రేషన్ శాఖకు తెలియజేయాలి.

ఈ వారం మీవారు తన మేనేజరును నాలుగు సంగతులు అడగాలి: ఈ బదిలీ అవకాశం ఏడాదిన్నర తరువాత కూడా ఉంటుందా, 1,45,000 అన్న అంకెను పెంచే వీలుందా, ప్లేనోలో పెర్మ్ ఎన్ని నెలల్లో మొదలుపెడతారో రాతపూర్వకంగా ఇస్తారా, తరలింపు భత్యం తీసుకుని ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టమంటారా. అన్నిటికంటే ముఖ్యంగా, అసలు ఈ బదిలీ ప్రతిపాదన ఎందుకు వచ్చిందో కనుక్కోమనండి. ఫ్రీమాంట్‌లోని బృందాన్నే మూసివేసే ఆలోచనలో కంపెనీ ఉంటే నా సలహా తలకిందులవుతుంది. ఉద్యోగమే లేనిచోట ఆ పెర్మ్‌కు ఆయుష్షు లేదు. అప్పుడు పెర్మ్ హామీని రాయించుకుని ఆయన ఈ వేసవిలోనే వెళ్లడం మంచిది, మీరు డిసెంబరులో సెమిస్టరు ముగించుకుని వెళ్లండి.