మానసిక జబ్బు మందులు ప్రాణాల మీదికి తెస్తాయా? అక్కకి మొదలుపెట్టమన్నారు, భయంగా ఉంది

తెస్తాయి, చాలా అరుదుగా. మా తమ్ముడికి తెచ్చాయి. అయినా మీ అక్కకి వద్దని మాత్రం నేను చెప్పను.

నాలుగేళ్ల కిందట, మే నెల. ఎవరో తిడుతున్నట్టు వినపడుతోందంటే వాడికి హాలోపెరిడాల్ రాశారు. ఏడో రోజు పొద్దున 103 జ్వరం. వడదెబ్బ అనుకున్నాం. మా వీధి ఆర్‌ఎంపీ టైఫాయిడ్ అని సెలైన్ ఎక్కించాడు, ఆయనకి ఏ జ్వరమైనా టైఫాయిడే. సాయంత్రం అమ్మ చెంచాతో కొబ్బరినీళ్లు పోయబోతే వాడి పళ్లు విడివడలేదు. చెయ్యి ఎత్తి చూస్తే కర్రని వంచుతున్నట్టే ఉంది. ఒళ్లంతా చెమట, పిలిస్తే పలకడు. మూత్రం కాఫీ డికాషన్ రంగు.

గుంటూరులో ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే మెదడుకి ఇన్ఫెక్షన్ అనుకున్నారు. మందులేమైనా వాడుతున్నాడా అని అడిగితే నాన్న "నిద్రమాత్రలండీ, అంతే" అన్నారు. పెళ్లి సంబంధాలు చూస్తున్నాం కదా, పరువు! నైట్ డ్యూటీ డాక్టరమ్మ నమ్మలేదు. నన్ను వరండాలోకి పిలిచి "ఆ నిద్రమాత్రల పేరేంటి?" అంది. ఫోన్‌లో చీటీ ఫొటో చూపించాను. వెంటనే సీపీకే పరీక్ష రాసింది, కండరాలు చితికితే రక్తంలో పెరిగే పదార్థం అది. 200 లోపు ఉండాల్సింది 11 వేలు వచ్చింది.

న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ అట. మందు మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకునేసరికి ఒంటి వేడి అదుపు తప్పుతుంది, కండరాలు బిగుసుకుని చితికిపోతాయి, ఆ భారం కిడ్నీల మీద పడుతుంది. ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే వస్తుంది. ఆ మందు ఆపేసి, ఐసీయూలో సెలైన్లు, బ్రోమోక్రిప్టిన్ అనే మందు ఇచ్చారు. పన్నెండో రోజుకి మనిషయ్యాడు. నాన్న అబద్ధం ఇంకో పూట నిలబడి ఉంటే అయ్యేవాడు కాదేమో.

ఇప్పుడు క్లోజపైన్ అనే ఇంకో మానసిక జబ్బు మందు మీద ఉన్నాడు, ఉద్యోగం చేస్తున్నాడు. దీనిది ఇంకో గొడవ, ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు పడిపోవచ్చు. 1975లో ఫిన్లాండ్‌లో అలా కొందరు చనిపోయాకే రక్తపరీక్షల షరతు వచ్చింది. మొదటి 18 వారాలు వారం వారం సూదితో రక్తం తీసేవారు. ల్యాబ్ కుర్రాడు అందరి ముందూ "ఏం జబ్బన్నా?" అని అడిగేవాడు, వాడికేం పనో! గొంతు నొప్పితో జ్వరం వస్తే మాత్రం ఆ రోజే రక్తపరీక్ష.

విరేచనం అయిందా అని అమ్మ రోజూ అడుగుతుంది, వాడు విసుక్కుంటాడు. నవ్వకండి, ఈ మందుతో పేగులు కదలక ప్రాణం పోయినవాళ్లున్నారు.