పారాథైరాయిడ్ ఆపరేషన్ తర్వాత మూతి చుట్టూ తిమ్మిరి వస్తే నీరసం అనుకోవద్దు

తమ్ముడూ, మీ నాన్నగారికి ఆరేళ్లుగా డయాలసిస్ అన్నావు. మెడలో పారాథైరాయిడ్ గ్రంథులు తీసి పన్నెండు రోజులైంది, ఒళ్లు పీకులు తగ్గాయి గానీ మూతి చుట్టూ, వేళ్ల చివర్లో తిమ్మిరిగా ఉంటోంది, ఇది నీరసమేనా, ఎముకలు మళ్లీ గట్టిపడతాయా అని అడిగావు. ముందు తిమ్మిరి సంగతి. రేపటిదాకా ఆగకుండా ఇవాళే రక్తంలో కాల్షియం చూపించు. మా అమ్మ విషయంలో మేం ఆగాం, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది కవిటి దగ్గర పల్లె. ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. డయాలసిస్ ఐదో ఏడు వచ్చేసరికి అమ్మ కింద కూర్చుంటే గోడ పట్టుకున్నా లేవలేకపోయేది. ఆ గ్రంథులు వదిలే హార్మోను, పీటీహెచ్ అంటారు, 1,800 దాటింది, మందులకి దిగలేదు, విశాఖపట్నం తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాం.

ఆ హార్మోను ఏళ్ల తరబడి ఎముకల్లోంచి కాల్షియం తోడేస్తుంది. గ్రంథులు తీసేయగానే ఆ తోడుడు ఆగిపోయి, బీటలు వారిన చేను తొలివాన తాగేసినట్టు ఎముకలు రక్తంలోని కాల్షియాన్నీ భాస్వరాన్నీ లాగేసుకుంటాయి. డాక్టర్లు హంగ్రీ బోన్ అనేది దీన్నే. మొదటి రెండు నాలుగు రోజుల్లో కాల్షియం బాగా పడిపోతుంది, అందుకే వార్డులో కొన్ని గంటలకోసారి రక్తం తీస్తారు. కానీ ఎముకలు బాగా అరిగిపోయిన వాళ్లలో ఇది వారాలు, ఒక్కోసారి నెలలు నడుస్తుంది.

మేం చేసిన తప్పు బిళ్ల దగ్గర. ఆపరేషన్‌కి ముందు కాల్షియం బిళ్ల భోజనంతోపాటే వేసుకోమనేవారు, అప్పుడు దాని పని తిండిలోని భాస్వరాన్ని పట్టి ఉంచడం. ఆపరేషన్ తర్వాత దాని పని ఒంటికి కాల్షియం అందించడం, కాబట్టి భోజనానికీ భోజనానికీ మధ్యలో పడాలి. ఈ తేడా డిశ్చార్జి రోజున మాకెవరూ విడమర్చి చెప్పలేదు, మేం పాత అలవాటుగా అన్నంతోనే ఇచ్చాం. తిమ్మిర్లు మొదలైతే కొబ్బరినూనె రాశాం.

మూడో రోజు డయాలసిస్‌కి వెళ్తే, ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చే రక్తనాళం, లేని చేతికి బీపీ పట్టీ కట్టి గాలి నింపారు. కాసేపటికి మణికట్టు లోపలికి వంగిపోయింది, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుంది, మిగతా వేళ్లు ముద్ద కలిపేటప్పటిలా దగ్గరికి బిగుసుకుపోయాయి. అమ్మ విప్పుదామన్నా రాలేదు. టెక్నీషియన్ చూసిన వెంటనే డాక్టర్ని పిలిచాడు. కాల్షియం 6.4, ఉండాల్సింది 8.5 పైన. ఈసీజీ తీసి, సెలైన్‌లో నెమ్మదిగా కాల్షియం ఎక్కించారు. ఇంకా పడిపోతే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు అన్నారు.

ఆ తర్వాత బిళ్లల టైము మార్చారు, కాల్సిట్రియాల్ అనే విటమిన్ డి మందు పెంచారు, డయాలసిస్ ద్రావణంలో కూడా కాల్షియం పెంచారు. భాస్వరం కూడా తక్కువే ఉందని దాన్ని తగ్గించే మందు ఆపారు. మొదట్లో వారానికి రెండుసార్లు పరీక్ష. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అని ఒకటి ఉంటుంది, మొదట్లో పెరిగి తర్వాత మెల్లగా దిగుతుంది, అది దిగుతుంటే ఎముకల ఆకలి తీరుతున్నట్టు.

గట్టిపడతాయా అంటే, చాలామందికి నెలల మీద సాంద్రత పెరుగుతుంది, మా అమ్మ ఏడాది తిరిగేసరికి వాకిట్లో తనే ముగ్గు పెట్టుకుంది. అలాగని అదే డోసు ఏళ్ల తరబడి మింగించకూడదు. పీటీహెచ్ మరీ పడిపోతే ఎముక తనను తాను బాగుచేసుకునే పని మందగిస్తుంది, కాల్షియం ఎక్కువైతే రక్తనాళాల్లో పేరుకుంటుంది. డోసు తగ్గించడం, పెంచడం మాత్రం డాక్టరే చేయాలి, మనం కాదు.

ఎముకల బలానికి ఆర్నెల్లకో ఇంజెక్షన్ ఉందని ఎవరైనా చెప్తే కిడ్నీ డాక్టర్ని అడగకుండా వేయించకు. డెనోసుమాబ్ అనే ఆ మందుతో డయాలసిస్ వాళ్లకి కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చని 2024 జనవరిలో అమెరికా ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక పెట్టింది.

ఇంకొకటి, కొందరికి గ్రంథి ముక్క ముంజేతిలో పెడతారు. నాన్నగారికి అలా చేశారేమో డిశ్చార్జి కాగితంలో చూడు, చేసుంటే పీటీహెచ్‌కి రక్తం ఏ చేతి నుంచి తీయాలో సర్జన్‌ని అడుగు, ఆ చేతి నుంచే తీస్తే అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది. ఇవాళ కాల్షియం ఎంత వచ్చిందో ఇక్కడే రాయి.