ఆక్సిజన్ అందని మెదడుకు ప్రొటీన్ పొడి పనికొస్తుందా?

ప్రశ్న: మా వారి వయసు 58. రెండు నెలల క్రితం ఇంట్లోనే గుండె ఆగి పడిపోయారు. 108 వచ్చేదాకా మా అబ్బాయి ఛాతీ మీద నొక్కుతూనే ఉన్నాడు. ఆసుపత్రిలో బతికించారు. ఇప్పుడు చిన్ననాటి సంగతులు చక్కగా చెబుతున్నారు గానీ, పొద్దున తిన్న టిఫిన్ ఏమిటో గుర్తుండడం లేదు. ఆక్సిజన్ అందకపోతే మెదడులో ప్రొటీన్ల తయారీ ఆగిపోతుందని చదివాను. రెండు పూటలా ప్రొటీన్ పొడి పట్టించమని బంధువులు అంటున్నారు. దానితో ఆ లోటు పూడుతుందా?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీరు చదివింది నిజమే. కానీ ఆ తయారీ ఆగేది ముడిసరుకు లేక కాదు, కాబట్టి పొడితో ఆ లోటు పూడదు.

శరీర బరువులో మెదడు వాటా సుమారు 2 శాతమే అయినా, మనం వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే కావాలి. ప్రొటీన్ గొలుసుకు ఒక్కొక్క అమైనో ఆమ్లాన్ని చేర్చడానికి కణం నాలుగు ఏటీపీలకు (కణానికి ఇంధనంలా పనిచేసే అణువులకు) సమానమైన శక్తిని ఖర్చు చేస్తుంది. గుండె ఆగిన కొద్ది నిమిషాలలోనే మెదడులోని ఏటీపీ చాలావరకు హరించుకుపోతుంది గనుక ఆ పని నిలిచిపోతుంది. అంతెందుకు, రక్తప్రవాహం సుమారు సగానికి తగ్గేసరికే ప్రొటీన్ల తయారీ బాగా మందగిస్తుందనీ, ఏటీపీ పడిపోవాలంటే ప్రవాహం అంతకంటే చాలా తగ్గాలనీ జంతువులపై జరిగిన పరిశోధనలలో తేలింది.

అసలు ఆశ్చర్యం రక్తం తిరిగి ప్రవహించాక కనిపిస్తుంది. శక్తి త్వరగానే కోలుకుంటుంది, అమైనో ఆమ్లాలూ ఉంటాయి, అయినా గంటల తరబడి తయారీ మొదలు కాదు. కణంలో ప్రొటీన్లను తయారుచేసే రైబోజోము దగ్గరకు మొదటి అమైనో ఆమ్లాన్ని చేర్చే ఇఐఎఫ్2 అనే అణువుకు, పెర్క్ అనే ఎంజైము ఒక ఫాస్ఫేటును తగిలించి, పనిని మొదట్లోనే ఆపేస్తుంది. దెబ్బతిన్న కణం తనకు తాను వేసుకునే బ్రేకు ఇది. అన్ని ప్రొటీన్లూ ఆగుతాయని కూడా అనుకోకండి: ఆక్సిజన్ తగ్గినప్పుడు హెచ్ఐఎఫ్ అనే ప్రొటీన్ నిలదొక్కుకుని, కొత్త రక్తనాళాలకు తోడ్పడే ప్రొటీన్ల తయారీని పెంచుతుంది. కణాలు ఆక్సిజన్‌ను పసిగట్టే ఈ విధానాన్ని వెలికి తీసినందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజా 2019లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

మెదడులో చాలా భాగాలలో ఆ బ్రేకు క్రమంగా వదులుతుంది. మెదడు లోపలి భాగమైన హిప్పోక్యాంపస్‌లోని సీఏ1 అనే చోట మాత్రం తయారీ సరిగా కోలుకోదు, అక్కడి న్యూరాన్లు రెండు మూడు రోజుల తరువాత మరణిస్తాయి. జపాన్ శాస్త్రవేత్త కిరినో 1982లో జెర్బిల్ అనే ఎడారి ఎలుకలలో దీన్ని వివరించారు. కొత్త జ్ఞాపకాలు నిలవడానికి హిప్పోక్యాంపస్ తప్పనిసరి, పాతవి ఎక్కువగా మెదడు పైపొరలలో పరుచుకుని ఉంటాయి. మీ వారికి చిన్ననాటి సంగతులు మిగిలి, పొద్దుటి టిఫిన్ జారిపోవడానికి ఇదే కారణం కావచ్చు, కానీ పరీక్షించకుండా నేను నిర్ధారించలేను.

మీరిచ్చే పొడి పేగుల్లో అమైనో ఆమ్లాలుగా విడిపోయి, ఒళ్లంతటికీ పంచబడుతుంది, మెదడులోకి ఎంత వెళ్లాలో రక్తనాళాల గోడలే నియంత్రిస్తాయి. ఆసుపత్రిలో కండ తగ్గి ఉంటే పప్పు, గుడ్డు, పెరుగు మేలే. అయితే గుండె ఆగినప్పుడు మూత్రపిండాలు కూడా దెబ్బతినవచ్చు, అందుకే వాటి పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించి, చూపించి, డాక్టరు చెప్పాకే పొడి సంగతి ఆలోచించండి. జ్ఞాపకశక్తి పరీక్షలకూ, శిక్షణకూ పంజాగుట్టలోని నిమ్స్ వంటి చోట న్యూరాలజీ విభాగానికి తీసుకువెళ్లండి. ఈలోగా మందుల వేళలూ, ఆ రోజు పనులూ ఆయన చేతే ఒక నోటుపుస్తకంలో రాయించండి. మీ అబ్బాయికి ఒక మాట చెప్పండి: అతడు నొక్కిన ప్రతిసారీ కొంత రక్తం ఆ మెదడుకు చేరే ఉంటుంది.