ఒక పూట గాలం వేట: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: వచ్చే జనవరిలో మా అమ్మానాన్నలను, పదేళ్ల బాబును తీసుకుని అండమాన్ వెళ్తున్నాం. అక్కడి పడవ నిర్వాహకులు పగడపు దిబ్బల దగ్గర ఒక పూట గాలం వేటకు తీసుకెళ్తామని, ఉదయం అయిదున్నరకు బయలుదేరి పదిన్నరకు ఒడ్డుకు చేరుస్తామని చెబుతున్నారు. ఎంతమంది వెళ్లినా పడవ మొత్తానికీ అద్దె కట్టాలట. మాలో ఎవరికీ గాలం పట్టిన అలవాటు లేదు. అంత డబ్బు పెట్టడం సబబేనా?
— ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ అయిదు గంటల్లో మీ గాలం నీళ్లలో ఎంతసేపు ఉంటుందో తెలిస్తే తప్ప అద్దె ఎక్కువో తక్కువో చెప్పలేం. వేట జరిగే చోటు రేవు నుంచి గంట దూరంలో ఉంటే రాకపోకలకే రెండు గంటలు పోతాయి. లంగరు వేసి, అది పట్టు దొరక్క జారితే మళ్లీ వేసి, ఎరలు గుచ్చి, చిక్కుపడిన దారాలు విడదీసుకునేసరికి మరో అరగంట గడిచిపోతుంది. ఎన్ని చేపలు పడతాయని అడిగితే ఎవరైనా ఊరించే జవాబే చెబుతారు కాబట్టి, మీరు దూరం ఎంత, లోతు ఎంత, ఆ రోజు పోటు ఎన్ని గంటలకు అని అడగండి. ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పే సరంగు దొరికితే అద్దె కొంచెం ఎక్కువైనా అతని పడవే మాట్లాడుకోవడం మంచిది.

పోటు వేళ అడగమనడానికి కారణం ఉంది. దిబ్బల దగ్గర ఉండే చేపలు నీరు కదులుతున్నప్పుడే చురుగ్గా మేత కోసం తిరుగుతాయి. పోటుకూ పాటుకూ మధ్య నీరు నిలిచిపోయే కొద్దిసేపు ఎరను ముట్టడం బాగా తగ్గుతుంది. అలాగని అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ప్రవాహం మరీ ఉద్ధృతంగా ఉంటే సీసపు గుండు అడుగుకు చేరకుండానే పక్కకు కొట్టుకుపోతుంది. మీ పూటలో ఎక్కువ భాగం నీరు మెల్లగా కదిలే వేళల్లో పడేలా తేదీ ఎంచుకోవాలి. సర్వే ఆఫ్ ఇండియా వారి పోటుపాట్ల పట్టికల్లో శ్రీ విజయపురం వేళలు, అంటే 2024 వరకు పోర్ట్ బ్లెయిర్‌గా పిలిచిన రేవు వేళలు, ముందుగానే దొరుకుతాయి. అక్కడ మనకన్నా ముందే తెల్లవారుతుంది కనుక అయిదున్నరకు బయలుదేరడం తొందరేమీ కాదు.

ఇక గాలం విషయానికి వస్తే, కొత్తవారికి రాడ్డు, రీలుతో దూరంగా విసిరే వేట కన్నా అడుగు వేటే నయం. లావుపాటి నైలాన్ దారం చివర సీసపు గుండు, దానికి కాస్త పైన స్క్విడ్ ముక్కో, కవ్వళ్ల ముక్కో గుచ్చిన గాలం ఉంటాయి. దారాన్ని చూపుడు వేలి మీదుగా జారవిడుస్తూ ఉంటే గుండు అడుగు రాతిని తాకినప్పుడు టక్కున ఒక చిన్న అదురు వేలికి తెలుస్తుంది. అప్పుడు మూరెడు పైకి లాగి పట్టుకోవాలి, లేకపోతే గాలం రాతి సందులో ఇరుక్కుని గుండుతో సహా పోతుంది. చెరువు చేప ఎరను నెమ్మదిగా నోట కరచుకుని బెండును ఊరిస్తుంది; ఇక్కడ గ్రూపర్ జాతి చేప ఎర అందుకున్న మరుక్షణమే తన బొరియలోకి దూసుకెళ్తుంది. మొదటి రెండు మూడు సెకన్లలో రెండు చేతులా గట్టిగా లాగి దానిని రాతి నుంచి నాలుగు బారలు పైకి తేగలిగితే చేప మీది. ఈలోగా అది సందులో దూరి మొప్పలు విప్పి బిగిసిందా, ఎంత లాగినా దారం తెగడమే. చేతులకు గ్లౌజులు లేకుండా ఈ పని చేయకండి, దారాన్ని అరచేతికి చుట్టుకోకండి. బాబుకు దారం ఇచ్చినా పక్కన ఒక కలాసీ ఉండాలి.

అక్కడ వేటకు చేపల శాఖ అనుమతి కావాలి. ఆ పత్రం పడవలో ఉందో లేదో చూడండి. వండూరు దగ్గర ఉన్న మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానవనం పరిధిలో చేపలు పట్టడం నిషిద్ధం కనుక, వేట ఆ హద్దు బయటేనని ముందే తేల్చుకోండి. లంగరును పగడం మీద కాకుండా ఇసుక మీద వేయమని చెప్పడం కూడా మీ హక్కే. ఆ రాళ్లు కొన్ని వందల ఏళ్లలో పెరిగినవి. ఒక్క లంగరు ఈడుపుతో విరిగిపోతాయి. జ్ఞాపకంగా పగడం ముక్క ఇంటికి తెచ్చుకోవాలనుకుంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరమవుతుంది.

పెద్దవారి సంగతి ఒక్క మాట: కదిలే పడవకన్నా లంగరు వేసి ఊగే పడవలోనే వాంతులు ఎక్కువ. రాత్రి తేలికగా తిని, ఉదయం రెండు ఇడ్లీలు మాత్రం తిని, ఇంజిన్ పొగకు దూరంగా పడవ మధ్యలో కూర్చుని, దూరాన ఆకాశమూ నీరూ కలిసే చోట చూపు నిలపమనండి. మాత్ర వేసుకోదలిస్తే బయలుదేరక ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక అది పనిచేయదు; వేరే మందులు వాడుతున్నవారు వైద్యుణ్ని అడిగే వేసుకోవాలి.

ప్రశ్న: అండమాన్ దాకా ఎందుకు, ఇదే వేట మన విశాఖలో చేయలేమా? ఫిషింగ్ హార్బర్‌లో తెలిసినవాళ్లున్నారు, తమ బోటులో తీసుకెళ్తామంటున్నారు.
— పెదవాల్తేరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దనే చెబుతాను. చేపల వేటకు రిజిస్టరైన బోటు ప్రయాణికులను ఎక్కించుకునే బోటు కాదు. అందులో మీకు లైఫ్ జాకెట్ ఉంటుందన్న నమ్మకం లేదు, ప్రమాదం జరిగితే బీమా అడిగే దారీ ఉండకపోవచ్చు, పైగా కేసు పడితే నష్టపోయేది మీ స్నేహితుడే. పర్యాటకులను తీసుకెళ్లే అనుమతి ఉన్న పడవ దొరికితే అది వేరే సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరమంతటా మర బోట్ల వేటపై నిషేధం ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపాన్ల కాలం కాబట్టి విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం సమాచారం చూడకుండా ఎవరూ కదలకూడదు. అంటే నిశ్చింతగా వెళ్లదగినవి ముఖ్యంగా జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలు. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్ గార్డ్ నంబరు 1554.

అదీగాక మన దగ్గర ఉన్నవి పగడపు దిబ్బలు కావు, తూర్పు కనుమల రాయి సముద్రంలోకి సాగి ఏర్పడిన బండలు. గోదావరి, మహానది వంటి నదులు తెచ్చే మంచినీరూ ఒండ్రూ బంగాళాఖాతపు పడమటి ఒడ్డున ఉప్పదనాన్నీ, నీటిలోకి దిగే వెలుగునూ తగ్గిస్తాయి. పగడానికి ఆ రెండూ కావాలి. అక్కడక్కడా రాళ్లను పట్టుకుని కొన్ని పగడపు జాతులు బతుకుతున్నాయి కానీ, దిబ్బగా పేరుకోలేదు. అయినా చేపకు నీడా, సందూ ఉంటే చాలు. మన జాలర్లకు ఈ బండలన్నీ తెలుసు. ఒడ్డున కనిపించే రెండు కొండ గుర్తులు ఒకే వరసలోకి వచ్చే గీతను ఒక దిక్కునా, మరో రెండు గుర్తులు కలిసే గీతను ఇంకో దిక్కునా చూసుకుని, రెండు గీతలూ కలిసే చోట తెప్ప నిలిపేవారు. డాల్ఫిన్ నోస్ వంటి కొండ ఇందుకు ఎంత పనికొస్తుందో ఊహించవచ్చు. ఇప్పుడు చాలామంది చేతుల్లో జీపీఎస్ ఉంది. పారలు, వంజరం గాలానికి దొరుకుతాయి కానీ, వంజరం కోసం పడవ నడుపుతూనే ఎరను వెనుక ఈడ్చాలి, అది అడుగు వేట కాదు.

ప్రశ్న: లోతులోంచి లాగిన చేప నోట్లోంచి ఎర్రటి తిత్తి బయటికి వచ్చి, కళ్లు ఉబ్బాయి. జాలిపడి నీళ్లలో వదిలితే వెల్లకిలా తేలుతూనే ఉంది. ఎందుకలా?
— గాజువాక నుంచి ఒక పాఠకురాలు

జవాబు: చేప కడుపులో గాలితిత్తి ఉంటుంది, నీటిలో తేలిక, బరువు సరిచూసుకునేది దానితోనే. ప్రతి పది మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది కనుక, ముప్పై మీటర్ల లోతున చేప మీద పైన ఉన్న దానికి నాలుగు రెట్లు పీడనం ఉంటుంది. గబగబా పైకి లాగితే ఆ తిత్తిలోని గాలి నాలుగింతలుగా వ్యాకోచించి కళ్లను ఉబ్బించి, జీర్ణాశయాన్ని నోట్లోంచి బయటికి తోస్తుంది. మీరు చూసిన ఎర్రటి తిత్తి జీర్ణాశయమే. దాన్ని సూదితో పొడిస్తే చేపకు ఇంకో గాయం చేసినట్టే. గ్రూపర్, స్నాపర్ జాతులు ఆ గాలిని రక్తం ద్వారా మెల్లగా తప్ప బయటికి పంపలేవు కాబట్టి, పైన వదిలితే కిందికి దిగలేక ఎండకు చస్తాయి, లేదా పక్షుల పాలవుతాయి.

చేయదగిన పని ఒక్కటే: బరువు కట్టిన క్లిప్పును చేప కింది దవడకు తగిలించి, పట్టిన లోతు దాకా దించి అక్కడ విడిపించాలి, దిగుతున్నకొద్దీ గాలి మళ్లీ కుదించుకుపోయి చేప తేరుకుంటుంది. ఇది వెంటనే జరగాలి. ఫొటో కోసం చేపను ఎండలో పట్టుకుని నిలబడి, తరువాత దయతో వదిలామని చెప్పుకునేవారి మీద నాకంత గౌరవం లేదు. క్లిప్పు లేని పడవలో లోతు వేటకు వెళ్తే, మీకు కావలసిన ఒకటి రెండు చేపలు పడగానే గాలం ఎత్తేయడం మేలు. గ్రూపర్లలో చాలా జాతులు ఆడచేపగా బతుకు మొదలుపెట్టి, పెద్దయ్యాక మగచేపగా మారతాయి. పెద్దవాటినే ఏరి పట్టేస్తే ఆ బండ దగ్గర మగచేపలు మిగలవు.

ప్రశ్న: పడిన చేపను హోటల్లో ఇచ్చి పులుసు పెట్టించుకోవచ్చా?
— మధురవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: చిన్నవైతే నిరభ్యంతరంగా. పట్టిన వెంటనే ఐసులో పెట్టండి. పగడపు దిబ్బల దగ్గర పెరిగిన పెద్ద స్నాపర్, గ్రూపర్, బరాకుడా చేపల్లో మాత్రం సిగ్వటెరా అనే విషం పేరుకునే అవకాశం ఉంది. దిబ్బల మీది నాచులో బతికే సూక్ష్మజీవి దాన్ని తయారుచేస్తే, నాచు మేసే చిన్న చేపల నుంచి వాటిని తినే పెద్ద చేపలకు చేరుతుంది. రుచిలో, వాసనలో తేడా తెలియదు. ఎంత ఉడికించినా పోదు. మంగళూరు ప్రాంతంలో స్నాపర్ తలలు తిని జబ్బుపడినవారి సంగతి వైద్య పత్రికల్లో నమోదైంది. కాబట్టి పెద్ద దిబ్బ చేప తల, కాలేయం, జన వదిలేయండి. తిన్న కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలతో పాటు పెదవులు తిమ్మిరెక్కినా, చన్నీళ్లు తాకితే మండినట్టు అనిపించినా ఆసుపత్రికి వెళ్లి, ఏ చేప తిన్నారో, అది ఎక్కడ పట్టిందో వైద్యుడికి ముందుగా చెప్పండి.